జల్లెడ మేడమ్, పదేళ్ల టిక్కు

మా మెడికల్ కాలేజీ లైబ్రేరియన్‌ను అందరూ జల్లెడ మేడమ్ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇరవై ఏడేళ్లుగా ఆవిడ పని ఒకటే. ఏ డాక్టరు పరిశోధన మొదలుపెట్టినా, ఆ విషయం మీద ఇదివరకు ఎవరెవరు ఏం రాశారో వైద్య వ్యాసాల డేటాబేసుల్లో జల్లించి తీసిపెట్టడం.

మనం వెళ్లగానే ఆవిడ కంప్యూటర్ ముట్టుకోదు. ముందు మనల్ని కూర్చోబెట్టి ప్రాణం తోడేస్తుంది. ఏ రోగులు, ఏ వయసు వాళ్లు, ఏం చేద్దామని, దేంతో పోల్చి చూద్దామని. ఒకే జబ్బుని పది దేశాల డాక్టర్లు పది పేర్లతో రాస్తారు కాబట్టి ఆ పేర్లన్నీ కాగితం మీద పెట్టిస్తుంది. ఇంట్లోనూ ఇదే వరస. కళ్లజోడు ఎక్కడుందని వాళ్లాయన అడిగితే, చివరిసారి ఎప్పుడు పెట్టుకున్నారు, ఇప్పటిదాకా ఎక్కడెక్కడ చూశారు అని మొదలుపెడుతుందట. పాపం ఆయన అడగడం మానేసి తడుముకుంటూ తిరుగుతున్నాడు.

నాకు అంత ఓపిక లేదు. ఎముకల విభాగంలో పీజీ రెండో ఏడాది, నా థీసిస్ తుంటి ఆపరేషన్ల మీద. పెద్ద వయసు వాళ్లను ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే లేపి నిలబెడితే త్వరగా కోలుకుంటారా అన్నది నా ప్రశ్న. దీనివల్ల ఎవరికైనా హాని జరిగిందేమో వెతికిపెట్టమని వెళ్లి, సాయంత్రంలోపు కావాలని ఆవిడ నెత్తిన కూర్చున్నాను. రోగుల మీద పరిశోధనకు అనుమతిచ్చే కమిటీకి మర్నాడే కాగితాలు ఇవ్వాలి మరి. ఆవిడ రెండొందల పన్నెండు వ్యాసాలు తీసిచ్చింది. ఒక్కదాంట్లోనూ హాని అన్న మాట లేదు. కమిటీ అనుమతి ఇచ్చేసింది.

మొదటి రోగి ఒక దర్జీ. డెబ్బై ఆరేళ్లు. ఫారం మీద సంతకం పెట్టమంటే ముందు నా తెల్లకోటు చూసి, కుడి భుజం కుట్టు ఊడుతోందని హెచ్చరించాడు. సోమవారం పొద్దున ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం ఐదుకి నిలబెట్టాలి.

అదే రోజు మధ్యాహ్నం మేడమ్ నలభైమంది కొత్త విద్యార్థులకు వెతకడం నేర్పుతూ, నమూనాగా నా వెతుకుడునే తెర మీద పెట్టింది. దానికో పరీక్ష ఉంది. విషయానికి సంబంధించి మనకు ముందే తెలిసిన వ్యాసం ఒకటి ఆ ఫలితాల్లో రావాలి. రాకపోతే జల్లెడకు చిల్లి పడ్డట్టే. మా ప్రొఫెసర్ ఎప్పుడూ చెప్పే పన్నెండేళ్ల నాటి వ్యాసం కోసం చూసింది. రాలేదు.

తెర పక్కన చిన్న గడిలో, పదేళ్ల లోపు వ్యాసాలు మాత్రమే అని టిక్కు ఉంది. నాకంటే ముందు వచ్చిన ఎవరికోసమో పెట్టింది తీయడం మరిచిపోయింది. అదంతా ఇంకొకరి మీదకు నెట్టేయొచ్చు, లేదా నెట్ పోయిందని తెర ఆపేయొచ్చు. నేనైతే ఆపేసేదాన్నే. ఆవిడ మాత్రం ఇది నా తప్పు అని క్లాసు మొత్తానికి చెప్పి, టిక్కు తీసి మళ్లీ వెతికింది. ఇంకో నూట నలభై వచ్చాయట. వాటిలో పంతొమ్మిదేళ్ల నాటి చిన్న వ్యాసం ఒకటి. ఒక రకం బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లను ఆపరేషన్ రోజే నిలబెడితే, ముప్పై ఒక్కమందిలో ఆరుగురు కళ్లు తిరిగి పడిపోయారు. ఇద్దరికి అదే ఎముక మళ్లీ విరిగింది.

లిఫ్టు పనిచేయడం లేదు. నేను ఫోన్ ఎత్తకపోయేసరికి మేడమ్ మోకాళ్ల నొప్పులతో నాలుగంతస్తులు ఎక్కి, నాలుగున్నరకు ఆయాసపడుతూ వార్డు గుమ్మంలో నిలబడింది. సంగతి వినగానే నేను ఒంటికాలి మీద లేచాను. అంతా సిద్ధం చేసుకున్నాక ఇప్పుడా చెప్పేదని నోటికొచ్చినట్టు అరిచాను. ఆవిడ చేతిలోని కాగితం నా ముందు పెట్టింది.

"ముందు ఈ ఒక్క పేజీ చదవండి డాక్టరమ్మా. తర్వాత ఎంతసేపైనా తిట్టండి."

చదివాను. తర్వాత దర్జీ కేసుషీటు తీసి చూశాను. అవే మాత్రలు. ఆ సాయంత్రం ఆయన్ను లేపలేదు.

ఆవిడ ప్రతి వెతుకుడునీ ఒక రిజిస్టర్లో రాసి పెడుతుంది. తేదీ, వాడిన మాటలు, ఎన్ని వచ్చాయి. మర్నాడు వెళ్లి చూస్తే నా పేజీలో తప్పు వివరంగా రాసి ఉంది. నేను తొందరపెట్టిన సంగతి మాత్రం రాయలేదు. తెలిసిన వ్యాసం వచ్చిందా లేదా అన్న ఆ పరీక్ష నేను వెళ్లిన రోజే చేసేది, నేనే చేయనివ్వలేదు. సిగ్గేసింది. కలం అడిగి ఆ ముక్క కింద నేనే రాశాను. ఆవిడ చదివి, తేదీ వేయమంది.

మెడిసిన్ విభాగం డాక్టరు మాత్రలు మార్చాడు, బీపీ కుదురుకుంది. బుధవారం సాయంత్రం దర్జీని లేపుతున్నామని కబురు పెడితే మేడమ్ వచ్చింది. ఇన్నేళ్లలో వార్డులో మనిషిని చూడటానికి రావడం ఇదే మొదటిసారట. దర్జీ వాకర్ పట్టుకుని లేచాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కళ్లు తిరగలేదు. నాకు పండగలా ఉంది. ఆయన చుట్టూ చూసి, గోడవారగా నిలబడ్డ ఆవిణ్ణి పెద్ద డాక్టరనుకున్నాడు.

"నన్ను నిలబెట్టింది మీరేనా అమ్మా?"

"కాదండీ," అంది మేడమ్. "రెండు రోజులు నిలబడకుండా ఆపింది నేను."