కాయంలో చిటికెడు పొడి

ఆళ్లగడ్డలో ఆ వీధిలో ఏ ఇంట్లో కాన్పయినా బాలింతకు పెట్టే కాయం మాత్రం మహానందమ్మ పొయ్యి మీదే ఉడికేది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోసి దించేది. రోజూ పొద్దున్నే ఉసిరికాయంత ఉండ. ఇరవై ఏళ్లలో ఆమె చేతి కాయం ఎవరికీ పడకపోవడమన్నది లేదు. మొగుడు పోయాక వీధిలో ఆమెకు మిగిలిన గౌరవం అదొక్కటే.

ఆమె కూతురు సింధూజ నంద్యాల నుంచి పుట్టింటికి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో వారం నుంచి సింధూజ ఊరికే ఏడవసాగింది. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టదు. "దీన్ని సాకడం నాకు చేతకాదుమా" అనేది, గోడవైపు తిరిగి.

డాక్టరుకు చూపిద్దామని అల్లుడు శివప్రసాద్ ఫోనులో అన్నాడు.

"పిచ్చి డాక్టరు కాడికి పోయొచ్చిందంటే మీవోళ్లు ఊరుకుంటారా నాయనా? నేను చూసుకుంటాలే" అంది మహానందమ్మ.

మూలికలమ్మే సంజీవయ్య అంగడికి పోయింది. కూతురి పేరెత్తితే పొద్దుగూకేలోపు ఊరంతా తెలుస్తుంది. అందుకే రోగం తన మీద వేసుకుంది.

"నిద్ర పట్టదన్నా. ఊరికే ఏడుపొస్తాంది."

"నీకా? మొగుడు పోయిన్నాడే కండ్లు తడుపుకోల్యా నువ్వు. ఇప్పుడేందమ్మా కొత్తగా?"

"వయసైపాయె గదన్నా."

"బీపీ ఉందా?"

"ఉంది." అది మాత్రం నిజమే.

సర్పగంధ వేరు పొడి పొట్లం కట్టిచ్చాడు. "చిటికెడే. తల సల్లబడ్తాది."

మరునాటి నుంచి ఆ చిటికెడు కాయం ఉండలో కలిసింది. సింధూజకు చెప్పలేదు.

వారం తిరిగేసరికి ఏడుపు ఆగింది. మహానందమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. కూతురు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోందనీ, పిలిస్తే తిరిగి చూడడానికి కూడా ఆలస్యమవుతోందనీ గమనించింది గానీ, ఏడవడం లేదు కదా అనుకుంది. బిడ్డ కూడా ఏడవడం తగ్గించింది.

"నీ అదృష్టమక్కా, నా మనవడు ఇల్లు పీకి పందిరేస్తాండాడు" అంది పక్కింటి సకీనా.

ఆ తర్వాత బిడ్డకు ముక్కు మూసుకుపోయింది. జ్వరం లేదు, దగ్గు లేదు. రెండు గుక్కలు తాగి, ఊపిరాడక రొమ్ము వదిలేసి నిద్రలోకి జారిపోయేది. నాలుగోరోజు సింధూజ, "దీని కాళ్లు సన్నబడినాయిమా" అంది. అంతే, నంద్యాల బస్సెక్కారు.

పిల్లల డాక్టరు గీతాంజలి బిడ్డను తూచింది. బరువు పెరగకపోగా తగ్గింది. తల్లి బీపీ బాగా పడిపోయి ఉండడం చూసి మొహం చిట్లించింది.

"నువ్వేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?"

"ఏం లేవు. పథ్యం కూడు, అమ్మ చేసే కాయం."

"కాయంలో ఏమేం వేస్తారు?"

మహానందమ్మ వరసగా చెప్పింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము. అక్కడ ఆగింది. అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇవేనా?"

"ఇవే."

నర్సు బిడ్డ ముక్కులోకి సన్నటి గొట్టం పెట్టింది. గుక్కపట్టి ఏడవాల్సిన పసిది చిన్నగా మూలిగి ఊరుకుంది. ఇంట్లో కూతురిది ఇదే మౌనం. మహానందమ్మ డాక్టరు వైపు తిరిగింది.

"సర్పగంధ" అంది. "నేనే కలిపినా. ఆయమ్మికి తెలీదు."

మామూలుగా ఉన్నవాళ్లనే అది దిగులులోకి దించుతుందనీ, పాలల్లోంచి బిడ్డకు పోయి ముక్కు మూసి, మత్తులో పడేస్తుందనీ డాక్టరు చెప్పింది. పాలు మాన్పించింది.

బిడ్డ ముక్కు వారానికి తెరుచుకుంది. అప్పటికి సింధూజకు పాలు ఎండిపోయాయి. ఇప్పుడు ఆమె నంద్యాలలోనే ఉంటూ, దిగులుకు వేరే డాక్టరు రాసిన మాత్రలు మింగుతోంది. మహానందమ్మ ఆళ్లగడ్డ నుంచి క్యారియరు తెస్తుంది. రోకలి మళ్లీ పట్టలేదు.

సింధూజ ముద్ద కలుపుతుంది. నోటిదాకా తెచ్చి ఆపుతుంది.

"ఇందులో ఏమేసినావుమా?"

"పప్పు, చింతపండు, ఉప్పు."

"ఇవేనా?"

మహానందమ్మ ఆ చేతిలోని ముద్దను తీసుకుని, ముందు తను తింటుంది.