నాచారం తోటల బొంగురు గొంతు

మా బావ నాచారం బడిల పెద్దసారు. యేటా వార్షికోత్సవానికి ఒక్కటే స్వాగత గీతం పాడిస్తడు. ఆ సాగదీత ఇనలేక "పిల్లలతోనే సొంతంగ పాట కట్టిస్త సూడు" అని పంతం పట్టిన. పడీపడీ నవ్విండు. "వార్షికోత్సవంనాడు పొద్దుగాల రా మరదలా. సాయంత్రం నాలుగింటి దాక నీకు టైము. కాకుంటే మల్ల పాతదే."

అన్నట్టే ఏడుగంటలకు కాచిగూడల బస్సెక్కిన. అంబర్‌పేటల ఖాళీ గంపతోని ఒకామె నా పక్కన కూసున్నది. పేరు పోచమ్మ. నాచారం అంగూర్ తోటల కూలి, ద్రాక్షకాయ అంగట్ల దించి వస్తున్నదట. నా పని చెప్తే మొకం తిప్పుకున్నది.

"మా బాలమణి గా బడిలనే సదువుతది. పాటంటే దానికి పానం. రోజు తోటల కేకలేసుకుంట పిట్టల కొట్టి కొట్టి గొంతు బొంగురువోయింది. బడిల అందరు పాడేటప్పుడు దాన్ని ఉత్తగ పెదవులు ఆడియ్యిమంటరు అమ్మా!"

"ఇయ్యాల మీ బిడ్డ పాడుతది" అని మాటిచ్చిన.

ఎనిమిది దాటినంక ఉప్పల్ల దిగి, ఇరానీ హోటల్ల చాయ్ తాగినం. అక్కడికెల్లి నాచారం నడకే. పోయేటోళ్ళు గట్టి చెప్పులు తొడుక్కోండ్రి, తొవ్వంత కంకరే. రెండు దిక్కుల అంగూర్ పందిర్లు, అవతల కొత్త కార్ఖానల గోడలు లేస్తున్నయి.

బడిల పిల్లలను పాట చెప్పుమంటే అందరు ఒక్కటే తీరు మొదలుపెట్టిన్రు. "ఓ చందమామా, నీవెంత అందముగా నున్నావు!" పాటంటే పుస్తకంల భాషలనే ఉండాలె అనుకున్నరు పాపం. నాకు తిక్క లేసింది.

"ఇండ్లల్ల గిట్లనే మాట్లాడుతరా? ఇయ్యాల పొద్దుగాల గట్టిగ ఏమన్నరో అది చెప్పుండ్రి."

ఎనుక వరుసల సన్నటి పిల్ల తల వంచుకొని, "హోయ్ అన్న టీచర్. చిలుకలను కొట్టిన" అన్నది. బాలమణే. అందరు కిసకిస నవ్విన్రు.

"నవ్వకుండ్రి! పాట అక్కడికెల్లే షురువు" అని గట్టిగ చెప్పిన. తలా ఒక మాట అందుకున్నరు. పోచమ్మ తెచ్చిన జొన్నరొట్టె, చింతతొక్కు తినేలోపట పాట తయారైంది:

చిలకమ్మా ఓ చిలకమ్మా, హోయ్!
పందిరి మీద వాలకమ్మా, హోయ్!
నీళ్ళు పోసింది మాయమ్మా, హోయ్!
మాకే గుత్తి దక్కదమ్మా, హోయ్!

బావ ఇని నెత్తి కొట్టుకున్నడు. "తోటల కేకలు స్టేజీ మీదనా? పెద్దమనుషులు వస్తున్నరు. పాట ఉండనీ, గా పిల్లను మాత్రం ఎనుకకు పంపు."

"ఆ హోయ్ ఆమెది బావా. ఆమె ముందర నిలవడకుంటే నేను స్టేజెక్కి కూసుంట, దిగ. ఏంజేస్తవో చెయ్."

నాలుగింటికి బాలమణి ముందర నిలవడ్డది. మొదటి హోయ్ గరగరమన్నది. కుర్చీలల్ల ఎవరో ఫక్కున నవ్విండు. పిల్ల ఆగిపోయింది, కండ్లల్ల నీళ్ళు. అయిపాయె అనుకున్న.

ప్రహరీ అవతలికెల్లి "హోయ్!" అని వినొచ్చింది. పోచమ్మ! ఎంబడే ఆమెతోని నిలవడ్డ కూలి ఆడోళ్ళందరు "హోయ్!" అన్నరు. బాలమణి తలెత్తి, ముక్కు తుడుచుకొని, కడదాక పాడింది. "మాకే గుత్తి దక్కదమ్మా" అన్నకాడ నవ్వినాయన తల దించుకున్నడు. బావ మాత్రం నాదిక్కు చూడకుంట చప్పట్లు కొడ్తనే ఉన్నడు.

పొద్దుగూకంగ ఉప్పల్ల బస్సెక్కిన. తల్లీబిడ్డలు సాగనంపొచ్చిన్రు. బస్సు కదిలినంక బాలమణి ఎంబడి ఉరుకుతు ఒక్క కేక ఏసింది. "హోయ్!"

నేను కిటికీల తల పెట్టి అంతకన్న గట్టిగ "హోయ్!" అన్న. కండక్టర్ ఉలిక్కిపడ్డడు. "ఏందమ్మా, బస్సుల పిట్టలు కొడ్తున్నరా?"

"లేదన్నా, పాట పాడుతున్న" అన్న. నా గొంతు గూడ బొంగురువోయింది.