ముక్కుసూటి మాస్టరు

ఆ కుట్టు దుకాణంలో కటింగ్ మాస్టరు టేపు మెడలో వేసుకున్నాడంటే నోటికి తాళం తీసినట్టే. కొలతలతో పాటు వచ్చినవాళ్ల పొట్టనీ, పొట్టితనాన్నీ వీధిలోకి వినిపించేలా చదువుతాడు. మిషన్ల మీద ఉన్నవాళ్లు భయానికి నవ్వుతారు. ఆ నవ్వు తన చమత్కారానికి దక్కిన మెప్పనుకుని మీసం దువ్వుకుంటాడు. "నాది ముక్కుసూటి వ్యవహారం" అంటాడు. దుకాణం యజమాని కనబడగానే ఆ ముక్కు నేల దాకా వంగుతుందన్న సంగతి మాత్రం చెప్పడు.

ఒకనాడు ఒక పోస్ట్‌మ్యాన్ తన పదవీ విరమణ సభకు కోటు కుట్టించుకుందామని కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. గుడ్డ ఆమె తొలి జీతంతో కొన్నది. మాస్టరు టేపు పట్టి, "ఒక భుజం పైకి, ఒకటి కిందికి. మనిషివా, తక్కెడవా?" అన్నాడు. కూతురు తల దించుకుంది.

"ముప్పై ఏళ్లు ఉత్తరాల సంచి మోసిన భుజం బాబూ" అన్నాడు పోస్ట్‌మ్యాన్ నెమ్మదిగా. "అది ఎలా ఉందో అలాగే కొలవండి. చేతకాదంటే చెప్పండి, ఇంకోచోట కుట్టించుకుంటాను."

మాస్టరు సుద్దముక్క కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది చేతిలోనే ఉంది. పోస్ట్‌మ్యాన్ కాసేపు చూసి, గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని, కూతురితో పాటు మెట్లు దిగాడు.

అప్పుడే వచ్చిన యజమాని, "వాళ్లెందుకు వెళ్లిపోతున్నారు?" అని అడిగాడు.

మాస్టరు చేతులు కట్టుకుని, "ఏం చెప్పమంటారండీ, ఒళ్లంతా పొగరే" అన్నాడు.