నాలుగు రాళ్ల పొయ్యి

మా మరిది మెర్టన్ వ్రోమన్ పేరెత్తితే ఇప్పటికీ మా ఊళ్లో "సమాధి రాళ్లు పెరికినవాడా?" అంటారు. అన్నవాళ్ల నోళ్లు పడిపోను! అందులో సగమే నిజం. మిగతా సగం ఇన్నాళ్లూ నా కడుపులో పెట్టుకుని కూర్చున్నాను.

మెర్టన్ పాల ట్యాంకర్ డ్రైవరు. పెళ్లి చేసుకోలేదు. మా ఇంటి పక్కనే ఉండేవాడు, శనివారం వచ్చిందంటే మాత్రం సర్కారు అడవిలోనే మకాం. కాలిబాటల పక్కన చెట్లకు పసుపు గుర్తులు వేసేవాడు. గాలివానకు పడిపోయిన మానులు కోసి దారి చేసేవాడు. దమ్మిడీ జీతం లేదు. మా ఆయన "జీతమిస్తే మానేస్తాడేమో, ఇచ్చి చూడండి" అని వేళాకోళం చేసేవాడు.

అడవి అంటున్నాను గానీ, మా తాతల నాడు అక్కడ చెట్టన్నదే తక్కువ. అన్నీ పొలాలే. బంగాళాదుంపలు, ఓట్స్ ధాన్యం, గొర్రెలు. నేల పీల్చి పిప్పయ్యాక, పైగా పంతొమ్మిది వందల ముప్పైల నాటి కరువు వచ్చి పడ్డాక, ఒక్కొక్కరే చేతులెత్తేశారు. సర్కారు ఆ భూములు కారుచౌకగా కొని, ఇళ్లు కూలగొట్టించి, పనుల్లేక క్యాంపుల్లో చేరిన కుర్రాళ్లతో వరసలుగా స్ప్రూస్, పైన్ మొక్కలు నాటించింది. ఇప్పుడక్కడ గుర్రాలవాళ్లు, వేటగాళ్లు, మంచు పడితే స్కీలవాళ్లు తిరుగుతారు. పిల్లాజెల్లాతో వచ్చి డేరాలు వేసుకునేవాళ్లకు లెక్కే లేదు. ఎవరి పెరట్లో డేరా వేశామని ఎవరూ అనుకోరు. మేమూ అనుకోలేదు.

ఎనభై ఒకటిలో, మే నెలాఖరున, సమాధులకు పూలు పెట్టే సెలవు రోజున, చెరువు పక్కన మా బాటలవాళ్ల సంఘం తరఫున కొత్త విడిది తెరిచాం. మధ్యాహ్నానికి జనం వస్తారు, సాసేజీలు కాల్చాలి, పొయ్యికి రాళ్లు లేవు. చెరువు గట్టు రాళ్లు తడివి, నిప్పు తగిలితే పేలతాయి. పలకరాళ్లు వెతుక్కుంటూ నేనూ మెర్టనూ తోపుడుబండితో గుట్టెక్కాం. పైన ఒక పాత ఇంటి పునాది గుంత, దాని పక్కన పెద్ద మేపుల్ చెట్టు. చెట్టు కింద నేలంతా పరుచుకున్న తీగ, అక్కడక్కడ నీలిపూలు, మధ్యలో నిలబడి నాలుగు పలకరాళ్లు. రెండు మోకాలెత్తు, రెండు జానెడేసి.

మా కొండల్లో పుట్టినవాళ్లకు ఆ తీగంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. చెక్కిన రాయి కొనే స్తోమత లేనివాళ్లు పొలంలోంచి పలకరాళ్లు తెచ్చి తలాపున ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి పాతేవారు. పేరూ ఊరూ ఉండదు. పైన ఆ తీగ నాటేవారు. మా అమ్మమ్మ కూడా అలాంటి రాళ్ల మధ్యే ఉంది. ఆ పొద్దున్నే వెళ్లి ఆమెకు పూలు పెట్టి వచ్చాను కూడా.

మెర్టన్ టోపీ తీశాడు. "వదినా, ఇవి వద్దులే. వేరేవి చూద్దాం" అన్నాడు.

"వీటికోసం ఇప్పుడెవరొస్తారయ్యా? యాభై ఏళ్లయింది. అవతల జనం ఆకలితో వచ్చి కూర్చుంటారు. పట్టు గునపం" అన్నాను.

అతను కదల్లేదు. గునపం నేనే లాక్కుని మొదటి జానెడు రాయి పెకలించాను. తక్కినవి తను తీశాడు.

పొయ్యి భలే కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. పదిహేనేళ్లు దానిమీద ఊరంతా కాల్చుకు తిన్నాం. మెర్టన్ మాత్రం ఆ మంట దగ్గర ఒక్కనాడూ కూర్చోలేదు. పొగ పడదనేవాడు. పెద్ద సుకుమారుడొచ్చాడని నేను ఆటపట్టించేదాన్ని. సిగ్గులేని మనిషిని.

తొంభై ఆరులో ఆర్డిస్ వచ్చింది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, కర్ర పట్టుకుని ఒంటరిగా బస్సు దిగింది. ఆ గుట్ట మీది ఇల్లు వాళ్లదేనట. ఊరు వదిలినప్పుడు ఆమెకు ఏడేళ్లు. అంతకు ముందు చలికాలం నలభై రోజుల తమ్ముడు పోతే, నాయనమ్మ పక్కన పాతిపెట్టారట. చచ్చేదాకా వాళ్లమ్మ ఆ రాయి గురించే కలవరించిందని, తను పోయేలోగా ఒక్కసారి దానిమీద చెయ్యి వెయ్యాలని వచ్చానని చెప్పింది. అడవి గురించి అడిగితే ఎవరైనా మెర్టన్‌నే చూపిస్తారు కదా.

ముగ్గురం ఎక్కాం. గుంత దొరికింది, మేపుల్ దొరికింది, తీగ దొరికింది. రాళ్లు లేవు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తీగ పక్కకు నెడుతూ అరగంట వెతికింది. నేనూ వంగి వెతికాను. అవును, వెతికినట్టు నటించాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

అలసిపోయిందని చెరువు దగ్గరికి తీసుకొచ్చాం. రొట్టె విప్పుకుని, కాఫీ కప్పు పెట్టుకోవడానికి చదునుగా కనిపిస్తే ఆ పొయ్యి రాయి మీదే పెట్టింది.

మెర్టన్ ఆ కప్పు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మా, మీ తమ్ముడి రాయి ఇదే. సమాధులని తెలిసే పీక్కొచ్చాను" అన్నాడు.

ఆమె ఆ మసి వంక చూసింది. "ఇంత బరువు ఒక్కడివే మోశావా?" అని అడిగింది.

మెర్టన్ నా వైపు చూడనైనా లేదు. "ఒక్కణ్ణే" అన్నాడు.

ఇప్పుడు చెప్తాను, ఇదిగో ఇప్పుడు చెప్తాను అనుకుంటూనే ఉన్నాను. ఆమె పమిటచెంగులాంటి పొడుగు కండువా చెరువులో తడిపి చిన్నరాయి తుడవడం మొదలెట్టింది. మసి పోలేదు.

చీకటి పడేలోగా నాలుగు రాళ్లూ పైకి మోసి పాతాం. నేను మట్టి తొక్కి, తీగ సర్ది, చెరువు నుంచి నీళ్లు తెచ్చి పోశాను. వెళ్లేముందు ఆర్డిస్ నన్ను కావలించుకుంది. "నీకేం సంబంధం ఉందని ఇంత కష్టపడ్డావు తల్లీ? ఆ మనిషి పాపం నువ్వు కడుగుతున్నావు" అంది. నేను ఆమె చేత వీపు కూడా నిమిరించుకున్నాను.

దారిలో ట్రక్కులో మెర్టన్‌ను అడిగాను, ఒక్కణ్ణేనని ఎందుకన్నావని.

"నా వంతు నేను చెప్పుకున్నాను వదినా. నీది నువ్వే చెబుతావనుకున్నాను" అన్నాడు.

తర్వాత సంగతి ఊరంతా పాకింది. బాటలవాళ్ల సంఘం సమావేశం పెట్టి, ఇక గుర్తులు వెయ్యొద్దని, అతణ్ణి రంగు డబ్బా అప్పగించమంది. మారుమాటాడకుండా అప్పగించాడు. ఆ సమావేశంలో నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. మెర్టన్ పోయి నాలుగేళ్లయింది. ఆర్డిస్ ఇంకా బతికే ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ నా మేలు మరిచిపోలేనని కార్డు రాస్తుంది, నేనూ జవాబు రాస్తాను, వాతావరణం గురించి.