నా వీపు నటించిన సినిమా

ఇప్పుడంటే ఫోను ముందు మొహం పెట్టి రెండు డైలాగులు చెబితే సాయంత్రానికల్లా నటి అయిపోతున్నారు గానీ, మేం విశాఖపట్నం మల్కాపురంలో ఉన్న ఆ రోజుల్లో నటి అనిపించుకోవాలంటే నాటికల పోటీల వెంట నాలుగు ఊళ్ళ దుమ్ము తినాలి. నేను తిన్నాను. తిని, ఇరవై రెండేళ్ళకే బామ్మనయ్యాను (కంగారు పడకండి, వేషంలోనే). నాన్న పోర్టులో క్రేను ఆపరేటరు, కోనసీమ నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పోర్టువాళ్ళూ రిఫైనరీవాళ్ళూ కలిసి నడిపే నాటక సమాజం ఒకటి మా వీధి చివర ఉండేది. హీరోయిన్ వేషానికి రాజమండ్రి నుంచి ఒకావిడ రైల్లో దిగేది. రాగానే ఆవిడకి కూల్‌డ్రింకు, మాకు టీ. తల్లి, అత్త, బామ్మ వేషాలకి మాత్రం మనిషి దొరికేది కాదు. పెళ్ళికాని పిల్లలు తలకి తెల్లరంగు పూసుకోడానికి ఒప్పుకోరు, పెళ్ళయినవాళ్ళని ఇంట్లో ఒప్పుకోరు. నేను ఒప్పుకున్నాను. మొదటి ఏడాదే మూడుచోట్ల ఉత్తమ క్యారెక్టర్ నటి బహుమతి తెచ్చుకున్నాను. సొంత డబ్బా అనుకున్నా సరే, ఈ మాట చెప్పకుండా నేను ముందుకి కదల్లేను.

మా డైరెక్టరుగారిని అందరం చాటుగా ఫ్రంటు మాస్టారు అనేవాళ్ళం. ఆయనది ఒకటే సిద్ధాంతం. స్టేజి మీద భూకంపం వచ్చినా సరే, నటుడి వీపు జనానికి కనబడకూడదు. ముందు వరసలో కూర్చునే జడ్జీలు మొహానికి మార్కులు వేస్తారు గానీ వీపుకి వెయ్యరు కదా! అందుకని మా నాటికల్లో ఇంటిల్లిపాదీ బస్సు కోసం నిలబడ్డట్టు ఒకే వరసలో కూర్చుని, జనంకేసి తిరిగి భోజనం చేసేవాళ్ళు. వెనక గుమ్మంలోంచి కొడుకు మిలట్రీకి వెళ్ళిపోతుంటే నేను ముందుకే చూస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి ఊపి "వెళ్ళిరా నాయనా" అని ఏడ్చాను. ఒక నాటికలో చివర్న నేను చచ్చిపోవాలి. రిహార్సల్లో పొరపాటున గోడవైపు తిరిగి ప్రాణం వదిలాను. "ఫ్రంటు! ఫ్రంటు! చచ్చినా ఫ్రంటుకే చావాలమ్మా!" అని మాస్టారు సైడు వింగులోంచి కేకలు. చచ్చినదాన్ని లేచి, ఇటు తిరిగి పడుకుని మళ్ళీ చచ్చాను. ఈ జబ్బు ఎంత ముదిరిందంటే, ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి వాళ్ళనే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. "ఇదేం నడకే తల్లీ, గడప తగిలిందంటే నడుం విరుగుతుంది" అని అమ్మ నెత్తి కొట్టుకునేది.

ఇన్ని బహుమతులు తెచ్చినా నాన్న మాత్రం నా నాటిక ఒక్కటీ చూళ్ళేదు. వద్దని ఏనాడూ అనలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. పిలిచినప్పుడల్లా డ్యూటీ అడ్డం వచ్చేది, డ్యూటీ లేనినాడు నడుంనొప్పి వచ్చేది. షీల్డు తెచ్చి బల్లమీద పెడితే పేపరు కాస్త పక్కకి జరిపి "బాగుందమ్మడూ" అనేవారు. షీల్డు బాగుందో నేను బాగున్నానో తెలిసేది కాదు. వీధిలోవాళ్ళంతా మెచ్చుకుంటుంటే కన్నతండ్రి చూడకపోవడం నాకు మహా కష్టంగా ఉండేది. ఒకరోజు ఉక్రోషం పట్టలేక నిలదీశాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాటకమంటే నాకు కంగారమ్మడూ. అందరిలోనూ నువ్వు మాట మర్చిపోతావేమోనని గుండె దడ. సినిమా అయితే బాధ లేదు, మర్చిపోయినా మళ్ళీ తీత్తారంట. నువ్వు తెరమీద కనబడిన్నాడు మొదటాటకే వత్తానులే," అన్నారు. ఆయన ఊరికే తప్పించుకోడానికి అన్నారు. నేను ఉడుంపట్టు పట్టాను.

ఏడాది తిరక్కుండానే యారాడ సముద్రపు ఒడ్డుకి సినిమావాళ్ళు దిగారు. వాళ్ళ అసిస్టెంటు డైరెక్టరు ఒకాయన అంతకుముందు మా నాటిక చూశాడట, అడ్రసు పట్టుకుని ఇంటికొచ్చాడు. నేనే తలుపు తీశాను. "బామ్మగారున్నారా?" అన్నాడు. "నేనేనండీ" అన్నాను. "మీరు కాదమ్మా, నాటకంలో వేసిన పెద్దావిడ కావాలి." "అది నేనేనండీ." ఆయన నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూశాడు. ఇక లాభం లేదని నడుం వంచి, గొంతు వణికించి, "ఏం నాయనా, ఎండనపడి వచ్చావు, కాసిన్ని మజ్జిగ తాగుతావా?" అన్నాను. మనిషి బిత్తరపోయి మెట్టుమీద చతికిలబడ్డాడు. దాంతో వేషం నాదైపోయింది. చేపలమ్మే ముసలమ్మ. వేటకెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. హీరోని నిలదీస్తూ మూడు డైలాగులు, ఆ తర్వాత సముద్రంకేసి నడిచి వెళ్ళిపోవడం. ఆ మూడు డైలాగులూ పప్పు రుబ్బుతూ, బట్టలారేస్తూ ఎన్ని వందలసార్లు చెప్పానో అమ్మకే తెలుసు. నాన్నకి చెబితే "మాటంటే మాటే. మొదటాట," అన్నారు.

షూటింగునాడు అమ్మని తోడు తీసుకుని కొండ ఎక్కి దిగి యారాడ చేరాను. ముందు డైలాగులు తీశారు. ఆఖరి బెంచీవాడికి వినబడాలన్న అలవాటుకొద్దీ నేను గొంతెత్తేసరికి హీరోగారు రెండడుగులు వెనక్కి వేశారు (కథలో అది లేదు). అయినా ఆ గండం గడిచింది. సాయంత్రం నడక. "కెమెరా మీ వెనకాల ఉంటుంది. మీరు సముద్రంలోకి వెళ్ళిపోతున్నట్టు నడవండి, అంతే," అన్నారు డైరెక్టరుగారు. అంతేనట! నాలుగడుగులు బాగానే వేశాను. అయిదో అడుగులో మాస్టారు చెవిలో దూరి "ఫ్రంటు!" అన్నారు. కాళ్ళు వాటంతటవే గిరుక్కున ఇటు తిరిగాయి. కట్ అన్నారు. రెండోసారి మెడ తిరిగింది. మూడోసారి మెడ బిగబట్టుకుంటే నడుం తిరిగి, పీతలా అడ్డంగా నడిచాను. పక్కన చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళు నోట్లో కొంగులు కుక్కుకున్నారు. ఆరోసారికి డైరెక్టరుగారి ఓపిక అడుగంటింది. "వెలుగు పోతోంది. మనతో హైదరాబాదు నుంచి వచ్చినావిడకి ఆ చీర కట్టించండి. డైలాగులు కూడా రేపు ఆవిడతోనే తీసేద్దాం," అన్నారు. నాకు కాళ్ళకింద ఇసక జారిపోయింది. మొదటాటకి నాన్న ముస్తాబై వస్తారు, తెరమీద ఎవరో నా ముక్కలు చెబుతుంటారు. ఆ తర్వాత బతిమాలినా ఆయన రారు.

నేను కట్టుకున్న చీర ఆ ఊళ్ళోనే చేపలమ్మే ఒక పెద్దమ్మది, కట్టు కట్టింది కూడా ఆవిడే. ముక్కు చీదుకుంటూ చీర ఇచ్చేద్దామని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డచుట్ట నోట్లోంచి తీసి, "ఏటమ్మా, మాటిమాటికీ ఎందుకలాగ ఎనక్కి తిరిగీతన్నావ్?" అంది. జనానికి వీపు చూపించకూడదు, మాకు అలవాటు అని చెప్పాను. "ఏ జనమే? ఆ కెమెరా కాడున్న నలుగురా? నీ కొడుకు ఏటకెల్లి రాలేదు, అంతే గదా కత? మరి నీకు కావలసినోడు సంద్రంలో ఉన్నాడా, ఒడ్డునున్నాడా? మా ముసలోడు మూడ్రోజులు రాకపోతే నాను అటుకాసే సూసినాను. ఎనకాల ఊరంతా నిలబడిపోనాది. ఒక్కడి మొకవైనా సూసినానేటి? ఎల్లు, అటు సూడు." "మరి తాతయ్య తిరిగొచ్చాడా పెద్దమ్మా?" అన్నాను. "రాకపోతే ఈ సీరెవుడు కొన్నాడే?" అని కసిరింది.

నేను డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. "ఒక్కసారండీ. ఈసారి తిరిగానంటే నేనే ఆవిడకి చీర కట్టిపెడతాను," అన్నాను. ఆయన సూర్యుడికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి తల ఊపారు. నడిచాను. ముందు వరస కెరటాలే జడ్జీలు. వాటి అవతల పడవలే జనం (నవ్వకండి, నిజంగా అలాగే అనుకున్నాను). ఫ్రంటు అటే ఉందని తెలిశాక ఇటు ఎందుకు తిరుగుతాను? నా మొహంలో ఉన్న నటనంతా, ఒక్క చుక్క మిగల్చకుండా, బంగాళాఖాతానికి చూపించాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినా ఎవరూ కట్ అనలేదు, నేనూ ఆగలేదు. చివరికి అమ్మ "ఒసేయ్, నీకు ఈత రాదే!" అని గావుకేక పెడితే అప్పుడాగాను. తిరిగి చూస్తే డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. పెద్దమ్మ "ఇప్పుడు నడిసినావు" అంది. ఆ తర్వాత శాలువాలు చాలా కప్పారు గానీ, ఆ మాటకి సాటి రాలేదు.

సినిమా విడుదలైన రోజు మా వీధి వీధంతా కదిలింది. నాన్న సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాలు తలుపులు తియ్యకముందే వెళ్ళి నిలబడ్డారు. పక్కింటి అత్తయ్య ముందు వరసా వెనక వరసా తేడా లేకుండా అందరికీ "మా పిల్లుందండి ఇందుల" అని చెప్పుకొచ్చింది. ఇంటర్వెల్ అయింది, నేను రాలేదు. ఆ తర్వాత సముద్రం వచ్చింది. ఒక ముసలమ్మ వీపు, నెరిసిన ముడి, తడి ఇసక. ముసలమ్మ నీళ్ళలోకి నడిచింది, సీను మారిపోయింది. నా మూడు డైలాగులూ ఎడిటింగులో ఎగిరిపోయాయి. "ఏదే? ఇంకెప్పుడొత్తావ్?" అంది అత్తయ్య. "అయిపోయానత్తయ్యా," అన్నాను. ఫ్రంటు మాస్టారు "వీపా!" అని మూలిగి తల పట్టుకున్నారు. నేను నాన్నవైపు చూడలేకపోయాను.

ఆట వదిలాక గేటు దగ్గర తలా ఒక ఓదార్పు. "ఎవుల్దో వీపు సూపించీసి మోసం సేసీనారు," అని అత్తయ్య సినిమావాళ్ళని తిట్టిపోసింది. నాన్న ఒక్కసారిగా గొంతు పెంచారు. "ఎవరిదో ఏంటమ్మా! అది మా అమ్మడే. రెండో అడుగుకే తెలిసిపోయింది నాకు," అన్నారు. "మొకం నేదు గదా అన్నియ్యా, ఎలాగ తెల్సీసింది?" అని అత్తయ్య అడిగింది. నాన్న చొక్కా గుండీ సర్దుకుని నాకేసి తిరిగారు. "సాయంత్రం పూట నువ్వు రిహార్సలుకని మెట్లు దిగితే, వీధి మలుపు తిరిగేదాకా అరుగుమీద పేపరు అడ్డం పెట్టుకుని చూత్తానే ఉంటాను కదమ్మడూ. ఇన్నేళ్ళూ నేను చూసింది నీ వీపే," అన్నారు. స్టేజి మీద చెప్పిన క్షణాన ఏడవగలిగిన దాన్ని, అక్కడ మాత్రం ఆపమన్నా ఆపలేకపోయాను. నాన్న వీధివాళ్ళందర్నీ బస్సెక్కించి, తిరిగొచ్చి, రెండో ఆటకి రెండు టిక్కెట్లు తీసుకున్నారు.

ఆ తర్వాత సినిమాల్లో, సీరియళ్ళలో నా మొహం ఎన్నిసార్లు కనబడిందో లెక్క లేదు. నాకంటే పెద్ద హీరోలకి తల్లినయ్యాను. నాన్న ఉన్నన్నాళ్ళూ అన్నీ చూశారు, అన్నిటికీ ఏదో ఒక వంక పెట్టారు. ఆ మొదటి సినిమా ఇప్పటికీ ఎప్పుడైనా మధ్యాహ్నం పూట టీవీలో వస్తుంది. మా ఇంట్లో పిల్లలు ఛానెల్ మార్చబోతే రిమోటు లాక్కుని, కళ్ళజోడు వెతుక్కుని కూర్చుంటాను. ఇంత పొగరుగా నడుస్తోందేమిటీ పిల్ల, ముసలాళ్ళు ఇలా నడుస్తారా అని నవ్వుకుంటాను. అయినా ఆ పిల్ల అటు తిరిగి వెళ్ళిపోతున్నంతసేపూ నేను రెప్ప వెయ్యను. అరుగుమీద కూర్చుని నాన్న రోజూ చూసింది దీన్నే కదా అనుకుంటాను.