చింతపండుతో తోమిన పతకం

ఇవాళ దీపపు కుందులు తోముతుంటే చింతపండు వాసనకు సిరిసిల్లలోని తాత ఇల్లు గుర్తొచ్చింది. తాత నేవీలో పనిచేశారు. యుద్ధంలో, సముద్రంలోని బాంబులు పేలకుండా తీసినందుకు ఆయనకు పతకం ఇచ్చారు. బాంబు లోపలి టకటక ఆగిందంటే పేలుతుందని చెప్పేవారు. ఆ పతకమే బాంబని చిన్నప్పుడు నేను నమ్మేదాన్ని.

ఒక దసరాకు అమ్మమ్మ దాన్ని ఇత్తడి సామాన్లతో పాటు నా ముందు పెట్టి, "నల్లగైంది, గట్టిగ రుద్దు బిడ్డా" అంది. పక్క షెడ్డులో మరమగ్గాలు నడుస్తుంటే నేల అదిరి, పళ్ళెంలో పతకం టకటకా కొట్టుకుంటోంది. దాన్ని ముట్టుకోలేక చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇంతలో కరెంటు పోయింది. మగ్గాలతో పాటు ఆ టకటకా ఆగింది.

"తాతా, గిది పేలుతది!" అని ఏడ్చాను.

తాత నవ్వలేదు. "నువ్వు గోడ ఎనుకకు పో బిడ్డా. నేను పిలిచేదాక రాకు" అని పళ్ళెం ముందు కూర్చున్నారు.

"ముసలోనికి గుడ ఆటలే!" అంది అమ్మమ్మ.

చాలా ఏళ్ళు నేనూ ఆటే అనుకున్నాను. కానీ ఆ రోజు గోడ చాటు నుంచి చూసింది ఇవాళ మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. తాత పతకం మీదికి వంగి, చెవి ఒగ్గి, కదలకుండా వింటున్నారు. మెడంతా చెమట. కరెంటు వచ్చి మగ్గాలు మళ్ళీ మోగాకే ఊపిరి వదిలి, నన్ను పిలిచారు.