కిటికీలో రేడియేటర్

ఏసీ వద్దన్న మాట ఆయనకు సరిగా వినబడలేదేమోనని మళ్లీ చెప్పాను. "వద్దండి. ఆదివారం మధ్యాహ్నం రండి. మీ అమ్మాయి పెళ్లి మొత్తం కూర్చోబెట్టి చూపిస్తాను."

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడలో పై అంతస్తు గది ఒకటి అద్దెకు తీసుకుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ణి. ఆ పనిని అందరూ మిక్సింగ్ అనేవారు. నెత్తిన స్లాబు, ఎదురుగా పడమటి ఎండ. రోహిణి కార్తెలో కంప్యూటర్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. ఆ రోజు ఆయన నా పక్కనే కూర్చుని చూస్తుండగా తలంబ్రాల దగ్గర ఒకసారి, బిందెలో ఉంగరం తీస్తుండగా ఒకసారి ఆగిపోయింది.

"మా ఇంట్లో పాత ఏసీ ఖాళీగా ఉంది బాబుగారు. పంపిస్తాను, బిగించుకోండి. ఆదివారం కూడా ఇలాగే ఆగిందంటే మాత్రం క్యాసెట్లు ఇచ్చెయ్యండి. హనుమాన్ జంక్షన్‌లో మిక్సింగ్ చేసే తెలిసినవాడున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు నన్ను బతకనివ్వట్లేదు" అన్నాడాయన.

ఆయన తండ్రి మా పొలం కౌలుకు చేసేవాడు. ఈయన అదే ఊళ్లో చేపల చెరువులు తవ్వించి బాగుపడ్డాడు. మా తాతల పొలం, ఇల్లు చేతులు మారి అప్పటికే చాలాకాలమైంది. దాని గురించి నేను ఎవరి దగ్గరా నిట్టూర్చలేదు. ఆయన బాగుపడినందుకు నాకు కష్టమూ లేదు. కాని ఆయనింట్లో వాడుకుని పక్కన పడేసిన ఏసీ నా గోడకు ఎక్కడం నాకు ఇష్టం లేదు. క్యాసెట్లు నా చేతిలోంచి వెనక్కి వెళ్లడం అంతకన్నా ఇష్టం లేదు.

కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరచవచ్చని ఒక పత్రికలో చదివాను. కారు ఇంజన్‌కు జరిగేదే దీనికీ జరుగుతుంది. ప్రాసెసర్ మీద లోపల దారి చెక్కిన రాగి దిమ్మ ఒకటి బిగించాలి. అందులోంచి పారే నీళ్లు వేడిని తీసుకుని రేడియేటర్‌లోకి పోయి, చల్లారి, తిరిగి రావాలి. దిమ్మను లేతు పనివాళ్లతో చేయించాను. చిన్న మోటారు మా పాత ఎయిర్ కూలర్‌లోంచి తీశాను. ఇక రేడియేటర్ కోసం ఆటోనగర్ వెళ్లాను.

ఎక్కడికి వెళ్లినా ఇస్త్రీ చొక్కాతో వెళ్లడం నాకు అలవాటు. రేడియేటర్లు బాగుచేసే సాయిబుగారు నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏ బండికండీ?"

"బండికి కాదండి. కంప్యూటర్‌కి."

ఆయన పక్క షెడ్డు వాళ్లకు వినబడేలా, "విన్నారా, కంప్యూటర్ బాయిలైపోతోందంట" అని, నా వైపు తిరిగి, "బోనెట్ ఎత్తి రోడ్డు పక్కన పెట్టారా అండీ?" అన్నాడు.

"ఎత్తాను. టేబుల్ ఫ్యాను కూడా పెట్టాను."

"అయితే డ్రైవరు మంచోడే."

షెడ్డు మూలన కుప్పలోంచి పుస్తకమంత రాగి రేడియేటర్ ఒకటి లాగాడు. "ఇది కారు హీటర్‌దండీ. చలికి వేసుకుంటారంట. బెజవాడలో హీటర్ వేసుకునేవాణ్ణి నేనింకా చూళ్లేదు. పీకించి ఇక్కడే పడేసి పోతారు." దాని మూతులకు నా ట్యూబులు పట్టేలా సన్నటి గొట్టాలు టంకం పెట్టి ఇచ్చాడు.

"కారదు కదా?"

"నా టంకం కారదండీ. మీ ట్యూబు సంగతి మీరు చూసుకోండి."

ట్యూబులకు క్లిప్పులు నేనే బిగించాను. బ్యాటరీలో పోసే నీళ్లు నింపాను. వేడి ఇంటి బయటికి పోవాలి కాబట్టి రేడియేటర్‌ను బాల్కనీ కమ్మీలకు కట్టాను. పొద్దున్నంతా మోటారు గొణుగుతూ తిరిగింది, కంప్యూటర్ చల్లగా పనిచేసింది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఆగిపోయి ఉంది.

నా భార్య లోపలికి వచ్చే ట్యూబు పట్టుకుని వెంటనే వదిలేసింది. "ఇది చల్లబరచట్లేదండీ. కాస్తోంది. పప్పు పెడితే ఉడికేట్టుంది."

నిజమే. బయట వడగాలి కొడుతోంది. నీళ్లను చల్లారి రమ్మని నేను పొయ్యి మీదికి పంపిస్తున్నాను.

"పోనీ ఆ ఏసీ తెప్పించుకోరాదా" అంది.

"అక్కర్లేదు" అన్నాను. నిజానికి ఆమె ఆ మాట అనకముందే నా ఆలోచన మా తాతల ఇంటి సావిడి కిటికీల మీదికి పోయింది. ఎండాకాలం వస్తే అక్కడ పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టేవాళ్లు. వాటి మీద నీళ్లు పోస్తూ ఉంటే అదే వడగాలి తడిలోంచి దూరి సావిట్లోకి చల్లగా వచ్చేది. ఆరిపోతే నాయనమ్మ వాసనతోనే కనిపెట్టి, ఎవరక్కడ అని కేకేసేది. గాలి ఎంత పొడిగా, ఎంత గట్టిగా కొడితే తడికె అంత బాగా పనిచేసేది. బయట కొట్టే గాలి సరిగ్గా అలాంటిదే.

వన్‌టౌన్ వెళ్లి వట్టివేళ్లు తెచ్చాను. వెదురుబద్దల మధ్య పరిచి నా చేతులతో నేనే కట్టాను. తడికె కిటికీకి బయట, రేడియేటర్ కిటికీలో, దాని వెనక గాలిని లోపలికి లాగేలా తిప్పి పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను. సందులకు అట్టలు కుక్కాను. నీళ్లు పోశాను. నా భార్య ట్యూబు పట్టుకుని చూసింది. కుర్చీ తెచ్చుకుని ఫ్యాను ఎదురుగా కూర్చుంది.

ఆదివారం ఆయన గుమ్మంలోనే ఆగాడు. "ఏసీ పెట్టించేశారా?" అని, గాలి పీల్చి, "వట్టివేళ్లు" అన్నాడు. దగ్గరికి వెళ్లి చూశాడు. "మీ సావిట్లో ఉండేవి బాబుగారు. మా నాన్నే కదా నీళ్లు పోసేవాడు."

"గుర్తుంది. కూర్చోండి" అన్నాను.

సినిమా మొదలైంది. తలంబ్రాలు దాటాయి, ఉంగరం దాటింది. అప్పగింతల దగ్గర ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నేను చూడలేదనుకున్నాడు. చూడనట్టే ఉన్నాను. ఇక అంతా డిస్కులోకి ఎక్కించాలి. కంప్యూటర్‌కు అన్నిటికన్నా బరువైన పని అదే. సగంలో ఉండగా తెర మీద వేడిని చూపించే అంకె పెరగడం మొదలెట్టింది. తడికె ఆరుతోంది.

చెంబు తీసుకుని లేచాను. నాకన్నా ముందు ఆయన లేచాడు, చెయ్యి చాపాడు. "ఇటివ్వండి, నేను పోస్తాను. మీరు కంప్యూటర్ దగ్గరుండండి."

ఆ చెయ్యి ఆలోచించి చాపింది కాదు. అందుకే నాకు కోపం రాలేదు.

"ఇవాళ మీరు పెళ్లికూతురి తండ్రి. కూర్చోండి" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుని, వెళ్లి కూర్చున్నాడు. తడికె మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా నిదానంగా నీళ్లు పోశాను. చొక్కా చేతులు తడిశాయి. అంకె దిగింది. డిస్కు బయటికొచ్చేదాకా కంప్యూటర్ ఆగలేదు.

ఏసీ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "మా రెండో అమ్మాయిది కూడా వచ్చే ఎండల్లోనే పెట్టుకోవాలనుకుంటున్నామండీ. మీకేం ఇబ్బంది ఉండదుగా?" అన్నాడు.

"ముహూర్తం మీ ఇష్టం" అన్నాను.